అన్నము వెల యొక నాణెమున, కూలి వేఱొక నాణెమున

పరదేశపు నాణెము ప్రజలకు అన్నము పెట్టునా, నోటి కూడు తీయునా? ఈ ప్రశ్నకు ఆఫ్రికాఖండమందలి జింబాబ్వే దేశము తన ప్రజల కడుపులతో బదులు చెప్పినది.

ఆ దేశపు పాలకులు బొక్కసము వట్టిపోయిన కొలదియు నోట్లు అచ్చువేయుచు బోయిరి. 2009 జనవరిలో కోటి కోట్ల డాలర్ల నోటు వెలువడెను. అట్టి నోటు చేతనున్న వాని పొయ్యిమీదను కుండ యెక్కుట దుర్లభమయ్యెను. అంగళ్ళలో మొక్కజొన్నపిండి కఱవయ్యెను. ఆ యేడే అమెరికా డాలరు, దక్షిణాఫ్రికా రాండు చట్టసమ్మతములు కాగా అంగళ్ళు మరల నిండినవి. ఈ మేలును కాదనుట సత్యద్రోహము.

కాని నిండిన యంగడి వేఱు, నిండిన కంచము వేఱు. డాలరు ఎవరి యింటికి నడచివచ్చును? విదేశమున కొడుకు గల యింటికి, ఎగుమతి వర్తకుని యింటికి. తక్కినవారికి అది అందని మ్రానిపండు. డాలరునకు దిగువ చిల్లర లేమిచే బీదరాలు చిల్లరకు మారుగా మిఠాయిబిళ్ళలు పుచ్చుకొని యింటికి మరలవలసి వచ్చెను. ఆ బిళ్ళలకు మఱునాడు పిండి వచ్చునా?

పిమ్మట జరిగినది మఱింత ఘోరము. 2016లో బాండు నోటు తెచ్చి, యిది డాలరుతో సరిసమానమని పాలకులు నమ్మబలికిరి. 2019 ఫిబ్రవరిలో ఆ మాట తప్పిరి. జూన్ 24న దేశమున పరద్రవ్యపు చెలామణినే నిషేధించి, స్వాతంత్ర్యము వచ్చినదని బాకా యూదిరి. ఉద్యోగి జీతము మంచువలె కరగెను. పిండి వెల కొండ యెక్కెను. తొమ్మిది నెలలైనను గడచెనో లేదో, 2020 మార్చిలో డాలరునకు మరల తలుపు తెఱచిరి. 2024 ఏప్రిలు 3న అనావృష్టిని జాతీయ విపత్తుగా ప్రకటించిరి. 5న 'జిగ్' అను క్రొత్త ద్రవ్యమును ప్రకటించిరి. బంగారము దన్ను గలదన్న ఆ ద్రవ్యపు విలువను సెప్టెంబరులోనే నూటికి 43 వంతులు తగ్గించిరి. కఱవునాట పంట లేక పిండి కొని తినవలసిన సంసారి యీ రెండు దెబ్బల నెట్లు తాళును?

డాలరే రక్ష యని కొందఱు, డాలరే శత్రువని కొందఱు వాదింతురు. ఇరువురును అసలు రోగమును విడిచి పలుకుచున్నారు. కూలి యొక నాణెమునను, కూడు వేఱొక నాణెమునను ఉన్నచోట, ఆ రెంటి నడుమ పెరుగు వట్టము పేదవాని కంచములోనుండియే పోవును. అదియే రోగము.

నిషేధింపక స్వదేశ నాణెము ఎట్లు నిలుచునని యడుగుదురా? 2018 తుదిలో మోటారు బండ్లు మొదలగువాని సుంకమును పరద్రవ్యముననే కట్టుడని కోరినది ఆ ప్రభుత్వమే కదా! తాను నమ్మని నాణెమును ప్రజలు నమ్మవలెననుట యేమి న్యాయము?

కావున చేయవలసినవి మూడు. పిండి ఏ నాణెమున అమ్ముదురో జీతమును ఆ నాణెముననే యీయవలెను. ఎరువు ఏ నాణెమున కొనుచున్నాడో రైతునకు ధాన్యపు వెలయు ఆ నాణెముననే ముట్టవలెను. సర్కారు తన పన్నులను తన నాణెముననే గైకొని, అచ్చుయంత్రమునకు కళ్ళెము వేయవలెను.

స్వరాజ్యము నోటుమీది ముద్రలో లేదు. నేటి కూలితో వచ్చువారము పిండి కొనగలనను కూలివాని నమ్మకములో గలదు. ఆ నమ్మకమును చెఱచిన ప్రభుత్వము, నోటుమీద ఎవరి బొమ్మ వేసినను, తన ప్రజలకు పరాయి ప్రభుత్వమే.