తల్లి పేరు లేని వంశవృక్షం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు పెంచిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అర్పా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం మీదుగా తన దారి వేసింది. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తూర్పు తీరపు మార్గం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. ఇక అక్కడి నుంచి బి.ఎన్.ఆర్. అనే మూడక్షరాలు ఉత్తరాంధ్ర పల్లెలకు సుపరిచితాలయ్యాయి. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా ఎందరో తెలుగువారు ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ తరలివెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానమైన ఈ పట్టణంలో ఈనాటికీ బుధవారీ బజారులో తెలుగు మాట వినబడుతుంది.

ఆ రైల్వే కాలనీలలో మనవారికి ఇరుగుపొరుగుగా మెలిగిన మరొక సమాజం ఉన్నది. అది ఆంగ్లో ఇండియన్ సమాజం. ఇంజను డ్రైవర్లుగా, గార్డులుగా, స్టేషన్ మాస్టర్లుగా, తంతి ఉద్యోగులుగా బ్రిటిష్ కాలపు రైళ్లను నడిపించిన వారిలో వీరిది పెద్ద పాత్ర. స్వాతంత్ర్యం తరువాత వారిలో అనేకులు ఇంగ్లాండుకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు వెళ్లిపోయారు. ఇప్పుడు వారి మనుమలు, మునిమనుమలు తమ పూర్వీకులెవరో తెలుసుకోవాలని పాత రికార్డులు తిరగేస్తున్నారు. ఆ వెదుకులాటలో వారికి ఎదురయ్యే వింత ఒకటున్నది. వంశవృక్షంలో తండ్రుల కొమ్మ వెనక్కు వెనక్కు సాగిపోతుంది. తల్లుల కొమ్మ మాత్రం ఒకచోట హఠాత్తుగా విరిగిపోతుంది. ఆ విరిగిన చోట ఉన్నది ఒక భారతీయ స్త్రీ. ఆమెకు పేరు లేదు. ఎందుకు లేదన్నదే ఈ నెల మన విచారణ.

కథ చాలా పాతది. 1687లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు మద్రాసు కోట అధికారులకు ఒక ఉత్తరం రాశారు. కోటలోని సిపాయిలు స్థానిక స్త్రీలను వివాహమాడటం మంచిదని, అటువంటి దంపతులకు పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం చేయించిన రోజున తల్లికి ఒక వరహా ఇవ్వవచ్చునని అందులోని సారాంశం. వరహా ముట్టేది తల్లికే అయినా, చర్చి పుస్తకంలో ప్రాధాన్యం మాత్రం తండ్రి పేరుకే దక్కింది.

ఆ ఆదరణ ఎల్లకాలం నిలువలేదు. దేశీయ తల్లికి పుట్టినవారికి కంపెనీ కొలువులు ఇవ్వరాదని 1791లో నిషేధం వచ్చింది. 1795లో సైన్యం తలుపులు కూడా మూతపడ్డాయి. బాకా ఊదడానికి, డోలు కొట్టడానికి, గుర్రాలకు లాడాలు వేయడానికి తప్ప వారు పనికిరారన్నారు. తమకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకోవడానికి ఆ సమాజం తరఫున జాన్ రికెట్స్ ఒక మహజరు పట్టుకుని లండన్ వెళ్లగా, 1830లో అది బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చింది. తరువాతి తరాలకు తంతి, రైలు వచ్చి అన్నం పెట్టాయి. బిలాస్‌పూర్ వంటి ఊళ్లలో ఈ సమాజం వేళ్లూనుకున్నది ఆ దశలోనే.

కంపెనీవారు లెక్కల మనుషులు. బెంగాల్, మద్రాసు, బొంబాయి రాజధానులలో జరిగిన జ్ఞానస్నానాలు, వివాహాలు, ఖననాల జాబితాలకు నకళ్లు తీయించి లండన్‌కు పంపించేవారు. మద్రాసు రాజధానికి చెందినవి 1698 నుంచి, బొంబాయివి 1709 నుంచి, బెంగాల్‌వి 1713 నుంచి లభిస్తున్నాయి. 1948 వరకు కొనసాగిన ఈ సంపుటాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. బిలాస్‌పూర్‌లో పుట్టిన ఒక ఇంజను డ్రైవరు తండ్రి ఎవరో, తాత ఏ పటాలంలో పనిచేశాడో వీటి ఆధారంగా తేల్చవచ్చు. వివాహపు నమోదులో వధూవరుల తండ్రుల పేర్లుంటాయి. ఆ పేర్లు పట్టుకుని ముందు తరానికి వెళ్లవచ్చు. అలా నాలుగైదు తరాలు ఎక్కిన తరువాత, మొదటి సిపాయి పక్కన తల్లి గడి ఖాళీగా కనిపిస్తుంది. లేదా "దేశీయ స్త్రీ" అన్న రెండు మాటలుంటాయి. ఇంకా అదృష్టం ఉంటే మరియ అనో, ఎలిజబెత్ అనో జ్ఞానస్నానంలో పెట్టిన పేరుంటుంది. ఆమె పుట్టింటివారు పిలుచుకున్న పేరు, ఊరి పేరు, తండ్రి పేరు ఉండవు.

మద్రాసు రికార్డులు చూసేవారు ఒక మాటను గుర్తుంచుకోవాలి. "జెంటూ" అనే పదం ఇతర ప్రాంతాలలో హిందువులందరికీ వాడుకలో ఉండగా, మద్రాసులో తెలుగువారికి ప్రత్యేకంగా చెల్లింది. ఒక తల్లి గురించి ఆ మాట కనబడితే ఆమె తెలుగు ఆడపడుచు అయి ఉండే అవకాశం మెండు. పేరు పోయినా ఆమె భాష ఏదో తెలియజేసే చిన్న ఆనవాలు అది.

పేరు నిలిచిన తల్లులు బొత్తిగా లేకపోలేదు. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, నిజాం కొలువులోని ఉన్నత వంశానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. వారి పిల్లలిద్దరినీ 1805లో ఇంగ్లాండుకు పంపించారు. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం అనే ఆ చిన్నారులు 1806లో లండన్‌లో జ్ఞానస్నానం పొంది విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యారు. తల్లిని వారు మళ్లీ చూడలేదు. ఆమె 1813లో కన్నుమూసింది. అయితే కిట్టీగా ప్రసిద్ధికెక్కిన ఆ కూతురు, 1840 దశకంలో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపింది. నలభై ఏళ్ల ఎడబాటు తరువాత మనుమరాలికి అమ్మమ్మ దొరికింది. ఖైరున్నీసా గొప్పింటి బిడ్డ కావడం వల్లనే ఆమె కథ చరిత్రలో మిగిలింది. మామూలు సిపాయిని కట్టుకున్న పేదింటి పడుచుకు ఆ భాగ్యం కలుగలేదు.

ఈ సందర్భంలో అమెరికా సంగతి తెలుసుకోవడం అవసరం. అక్కడ బ్రిటిష్ వలసల కాలంలోనే బానిసలు కాని మిశ్రమ సంతతి కుటుంబాలు కొన్ని ఉండేవి. వర్జీనియా శాసనసభ 1662లో బిడ్డ తల్లి స్థితినే పొందుతుందని చట్టం చేసింది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస. తల్లి స్వతంత్రురాలైతే బిడ్డ స్వతంత్రుడు. తెల్లజాతి యజమానికి బానిస స్త్రీ వల్ల కలిగిన సంతానాన్ని బానిసలుగానే ఉంచుకోవడానికి ఈ చట్టం ఉపకరించింది. ఇక తెల్లజాతి స్త్రీకి నల్లజాతి పురుషుని వల్ల బిడ్డ కలిగితే, 1691 నాటి చట్టం ఆమెకు 15 పౌన్లు జరిమానా విధించింది. చెల్లించలేని పక్షంలో ఐదేళ్ల వెట్టిచాకిరీ. బిడ్డ ముప్పై ఏళ్లు వచ్చేవరకు ఒకరి కింద పనిచేయాలి.

చట్టం క్రూరమైనదే. కాని దాని అమలు కోసం న్యాయస్థానాలు ప్రతి కేసులోనూ తల్లి పేరును రాసిపెట్టుకున్నాయి. పాల్ హైనెగ్ అనే పరిశోధకుడు ఆ కోర్టు పుస్తకాలను, పన్నుల జాబితాలను ఓపికగా పరిశీలించి వందలాది కుటుంబాల వంశావళులను కూర్చాడు. వర్జీనియా, మేరీలాండ్‌లలో వలసకాలం నుంచే స్వతంత్రులుగా ఉన్న నల్లజాతి కుటుంబాలలో అధిక భాగం తెల్లజాతి పనికత్తెల సంతతి అని ఆయన తేల్చాడు. యజమానులు విముక్తి చేసిన బానిసల సంతతి వీరని అంతకుముందు చాలామంది అనుకునేవారు.

రెండు దేశాలనూ పక్కపక్కన నిలిపి చూడండి. అమెరికాలో బిడ్డ స్వేచ్ఛ తల్లిని బట్టి తేలింది గనుక, శిక్షించడానికైనా సరే, తల్లి పేరు రాశారు. మన దేశంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి తేలింది గనుక తల్లి పేరుతో ఎవరికీ పని లేకపోయింది. చట్టానికి ఎవరితో అవసరమో వారే కాగితం మీద మిగులుతారు. వంశవృక్షం రక్తాన్ని అనుసరించి పెరుగుతుందని మనం అనుకుంటాం. నిజానికి అది అధికారుల అవసరాన్ని అనుసరించి పెరుగుతుంది.

ఆ అవసరం ఇటీవలి దాకా కొనసాగింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం, తరువాత మన రాజ్యాంగంలోని 366వ అధికరణం ఆంగ్లో ఇండియన్ ఎవరో నిర్వచించాయి. తండ్రి గాని, తండ్రి వైపు పురుష పూర్వీకులలో ఒకరు గాని ఐరోపా సంతతివారై ఉండాలి. తల్లి వైపు ప్రసక్తి అందులో లేదు. రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా శాఖలలో ఈ సమాజానికి స్వాతంత్ర్యానికి పూర్వం నుంచి ఉన్న కోటాను రాజ్యాంగం మరో పదేళ్లు, క్రమంగా తగ్గించుకుంటూ, కొనసాగనిచ్చింది. ఉద్యోగం కోసం తాత ఎవరో చెప్పుకోవలసి వచ్చింది. 1948 తరువాత బ్రిటిష్ పౌరసత్వం కోరినవారికి కూడా తండ్రి, తాతల కాగితాలే శరణ్యం. తెల్లవారికే తలుపు తెరిచిన నాటి ఆస్ట్రేలియాలో ప్రవేశించాలంటే ఐరోపా రక్తమే అధికమని నిరూపించుకోవాలి. ఇటువంటి పరిస్థితులలో కొన్ని కుటుంబాలు నల్లని ముత్తవ్వను పోర్చుగీసు స్త్రీ అనో, స్పెయిన్ దేశస్థురాలనో చెప్పుకున్నాయి. వారిని తప్పుపట్టడం సులభం. పిల్లల భవిష్యత్తు ఒక అధికారి సంతకం మీద ఆధారపడినప్పుడు ఎవరైనా ఏం చేస్తారు?

ఇప్పుడు ఆ ఒత్తిడి తొలగిపోయింది. ఆస్ట్రేలియా ఆ విధానానికి 1973లో పూర్తిగా స్వస్తి చెప్పింది. లోక్‌సభకు ఇద్దరు ఆంగ్లో ఇండియన్లను నామినేట్ చేసే ఏర్పాటు 2020 జనవరిలో ముగిసింది. ఇంగ్లీషు తాతను చూపించడం వల్ల కలిగే ప్రయోజనం సన్నగిల్లింది. దాచిపెట్టిన ముత్తవ్వను వెదికే కోరిక మాత్రం పెరిగింది.

వెదకడానికి దారులు కూడా పెరిగాయి. ముందుగా ఇంట్లోని పెద్దలను అడగాలి. ఉద్యోగపు సర్వీసు పుస్తకాలు, పింఛను కాగితాలు, సమాధి ఫలకాలు చూడాలి. అటుపిమ్మట వివాహపు నమోదు, దాని నుంచి జ్ఞానస్నానపు నమోదు. కాథలిక్ కుటుంబాలవి అన్నీ లండన్‌కు చేరలేదు కనుక ఆయా చర్చిలలోనే విచారించాలి. నమోదులో తల్లి పేరు లేకపోతే సాక్షుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు జాగ్రత్తగా చూడాలి. వారిలో ఆమె బంధువులు ఉండవచ్చు. వీలునామాలు మరొక గని. 1780-85 మధ్య బెంగాల్‌లో ఆంగ్లేయులు రాసిన వీలునామాలలో మూడింట ఒక వంతు భారతీయ సహచరికి ఏదో ఒకటి రాసి ఇచ్చినవే. 1998లో బ్రిటన్‌లో ప్రారంభమైన "ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ" ఇటువంటి సమాచారాన్ని సేకరించి ఉచితంగా అందిస్తున్నది.

కాగితం చేతులెత్తేసిన చోట శరీరం సాక్ష్యం చెబుతుంది. కణంలోని మైటోకాండ్రియా అనే భాగంలో ఉండే డి.ఎన్.ఏ. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వస్తుంది. ఆ తల్లికి ఆమె తల్లి నుంచి. తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి అన్న వరుసలో ఎక్కడా తెగకుండా వెళితే, పది తరాల కిందటి స్త్రీ భారతీయురాలా కాదా అన్నది పరీక్షలో తేలవచ్చు. రిజిస్టరులో ఆమెను దాచగలిగినవారు సంతానం ఒంట్లో దాచలేకపోయారు. కాని శాస్త్రం అంతవరకే చెప్పగలదు. ఆమె పేరును ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

ఇదంతా ఎవరో పరాయివారి గోడు అనుకుంటే పొరపాటు. మన ఇంటిపేరు తండ్రి వైపుదే. తర్పణం విడిచేటప్పుడు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు అని మూడు తరాల స్త్రీల పేర్లు పలుకుతాం. నాలుగో తరం అడిగితే పురోహితుని ముఖం చూస్తాం. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఎంతమందికి తెలుసు? ఉద్యోగాల కోసం దూరదేశం పోయినవారి సంగతి మరీ కష్టం. ఉత్తరాది కచేరీ పుస్తకాలలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయి, పేరు చివరి "రావు" ఇంటిపేరుగా చలామణి అయిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రెండు తరాలు గడిచేసరికి ఆ పొడి అక్షరం దేనికి గుర్తో పిల్లలకు తెలియదు.

కనుక రైల్వే క్వార్టర్లలో ఒకే గోడకు అటూ ఇటూ బతికిన ఈ రెండు సమాజాల ముందు నేడు ఉన్న పని ఒక్కటే. ఇంట్లో డెబ్బై దాటిన స్త్రీ ఎవరైనా ఉంటే ఆమె దగ్గర కూర్చుని, ఆమె తల్లి పేరు, ఆ తల్లి తల్లి పేరు, వారి పుట్టిన ఊళ్లు, ముద్దుపేర్లతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి, తేదీ వేసి భద్రపరచాలి. నూరేళ్ల తరువాత పుట్టబోయే మునిమనుమరాలు లండన్ సంపుటాలలో ఖాళీ గడిని చూసి నిట్టూర్చే అవసరం లేకుండా చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు.