భాగము కొనుటకు ముందు తీగను పరీక్షించండి



పొలము మధ్యలో ఇంజను ఆగినప్పుడు మనము మొదట చేయుపని యేమి? పట్టణమునకు పోయి ఒక కొత్త భాగము కొని తెచ్చుట. అది బిగించినను ఇంజను కదలనిచో మరియొకటి తెచ్చుట. చివరకు తేలునది ఒక వదులైన తీగ, లేక మసిపట్టిన ఒక ముక్క. రోగమొకటి, మందొకటి. ఇందులో పోవునది డబ్బు మాత్రమే కాదు. విత్తు అదను కూడ పోవును. పరీక్షింపక భాగము కొనరాదని నా అభిప్రాయము. అందుకు కారణములు ఒక ఉదాహరణముతో చెప్పెదను.

అమెరికాలో 1947 నుండి 1952 వరకు ఫోర్డు 8ఎన్ అను చిన్న పెట్రోలు ట్రాక్టరు తయారైనది. 5 లక్షలకు పైగా బండ్లు బయటకు వచ్చినవి. మన ట్రాక్టర్ల వెనుక పనిముట్లను ఎత్తు మూడు చేతుల లింకేజి ఉన్నదే, అది హారీ ఫెర్గూసన్ రూపొందించిన పద్ధతి. 1939లో ఫోర్డు 9ఎన్‌తో ఆ దేశమున వ్యాప్తి చెందినది. 8ఎన్ ఆ వంశములోనిదే. 70 ఏండ్లు దాటినను చిన్న కమతములవారు నేటికిని దానితో గడ్డి కోసికొనుచున్నారు.

ఆ బండి 6 వోల్టులది. బ్యాటరీ ధనధ్రువము బండి ఇనుమునకు, అనగా ఎర్తునకు, కలిపి ఉండును. చలికాలమున 6 వోల్టులతో ఇంజను బరువుగా తిరుగును గనుక చాలమంది దానిని 12 వోల్టులకు మార్చుకొనుచున్నారు. పాత డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టి, ఋణధ్రువమును ఎర్తు చేయుదురు. మార్పులో తప్పులేదు. సగము మార్చి సగము మరచుటలోనే చిక్కు ఉన్నది.

మన ట్రాక్టర్లు డీజిలువి. వాటిలో నిప్పురవ్వ లేదు, కాయిలు లేదు. ఐనను స్టార్టరు, ఛార్జింగు తీగల విషయమున ఇదే క్రమము మనకును పనికివచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీసు జీపు కూడ 6 వోల్టులదే. అట్టి పాత జీపు ఎవరియొద్దనైన ఉన్నచో కాయిలును గురించి ఇక్కడ చెప్పు పద్ధతి దానికిని వర్తించును.

కాయిలు ఎందుకు కాలును?

గుండ్రని 6 వోల్టుల కాయిలులో నిరోధము సుమారు 1.5 ఓములు. 6 వోల్టులకు అందులో 4 ఆంపియర్లు పారును. పుట్టు వేడి 24 వాట్లు. అదే కాయిలుకు 12 వోల్టులు నేరుగా ఇచ్చినచో 8 ఆంపియర్లు పారును. వేడి 96 వాట్లు. వోల్టులు రెండింతలైన వేడి నాలుగింతలగును! కాయిలు కాలును, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మాడును. ఇంజను ఆగియుండగా తాళము వేసియే మరచినచో ఈ పని మరింత త్వరగా జరుగును.

దీనికి విరుగుడు రెండు విధములు. పాత కాయిలు ఉంచి, స్విచ్చికి కాయిలుకు నడుమ 1.5 ఓముల రెసిస్టరు పెట్టుట ఒకటి. రెసిస్టరు అవసరములేని 3 ఓముల 12 వోల్టుల కాయిలు వేయుట రెండవది. రెండింటిలో ఒకటే చేయవలెను. 3 ఓముల కాయిలు వేసి రెసిస్టరు కూడ ఉంచినచో ప్రవాహము తగ్గి నిప్పురవ్వ నీరసించును. చలిలో ఇంజను అందుకొనదు. 8ఎన్‌లో తొలి బండ్ల డిస్ట్రిబ్యూటరు ఇంజను ముందుభాగమున, దాని మీదనే చదరపు కాయిలు ఉండును. దాని అంకెలు వేరు. పద్ధతి మాత్రము ఒకటే.

మీటరు చెప్పు సగము నిజము

అందరును పొరబడు చోటు ఇది. రైతు రెసిస్టరు బిగించి, తాళము వేసి, కాయిలు దగ్గర మీటరు పెట్టును. 12 వోల్టులు చూపును. "రెసిస్టరు పనిచేయుటలేదు" అని తీసి పారవేసి మరియొకటి కొనును. అదియు 12 చూపును. కాని రెసిస్టరులో ఏ లోపమును లేదు.

కాలువకు అడ్డముగా తూము పెట్టినారనుకొనండి. దిగువన మడవ మూసియున్నంతసేపు తూమునకు ఇరువైపుల నీటిమట్టము ఒకటే. మడవ తెరచి నీరు పారినప్పుడే దిగువ మట్టము తగ్గును. విద్యుత్తును అంతే. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు విడిపోయి ఉన్నప్పుడు ప్రవాహము లేదు. ప్రవాహము లేనప్పుడు రెసిస్టరు వోల్టులను తగ్గింపజాలదు. కాబట్టి పాయింట్లు కలిసియున్నప్పుడు కొలువవలెను. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఇంజనును చేతితో కొద్దిగా త్రిప్పి, పాయింట్లు కలిసినవని కంటితో చూచి మీటరు పెట్టండి. మీటరు ఒక కొన ఎర్తునకు, రెండవ కొన కాయిలుకు ఆనించవలెను. కాయిలుకు రెండు కొసలు: స్విచ్చి వైపుది ఒకటి, డిస్ట్రిబ్యూటరు వైపుది ఒకటి.

పాయింట్లు కలిసియుండగా స్విచ్చి వైపు సుమారు 6, డిస్ట్రిబ్యూటరు వైపు ఇంచుమించు సున్న చూపినచో అంతయు సరిగానున్నది. రెండు వైపుల 12 చూపినచో పాయింట్లు కలిసినట్లు కనబడినను వాటి నడుమ మసియో, నూనెయో ఉన్నది, శుభ్రము చేయవలెను. స్విచ్చి వైపు 12, రెండవ వైపు సున్న వచ్చినచో కాయిలు లోపలి తీగ తెగినది. అప్పుడు మాత్రమే కొత్త కాయిలు కొనండి. పాయింట్ల నడుమ అట్టముక్క పెట్టి విడదీసినను డిస్ట్రిబ్యూటరు వైపు సున్నయే చూపి, స్విచ్చి వైపు 6 ఉన్నచో, ఎక్కడనో తీగ ఇనుమునకు తగులుచున్నది. లేదా కండెన్సరు చెడినది.

కాయిలు వరకు వోల్టులే రానిచో స్విచ్చి తాళము వేసి, బ్యాటరీ నుండి వరుసగా రావలెను: బ్యాటరీ, అమ్మీటరు, స్విచ్చి లోపలికి, స్విచ్చి వెలుపలికి, రెసిస్టరు. ఇందుకు 12 వోల్టుల బల్బునకు రెండు తీగలు కట్టిన పరీక్ష దీపము చాలును. ఒక తీగ ఎర్తున ఆనించి రెండవదానితో తడవండి. దీపము ఎక్కడివరకు వెలుగునో అక్కడివరకు మార్గము మంచిది. వెలిగిన చోటికి, వెలగని చోటికి నడుమనే లోపము ఉన్నది. మన డీజిలు ట్రాక్టరు స్టార్టరు తీగకును ఇదే వరుస.

తాళము తీసినను ఆగని ఇంజను

ఆల్టర్నేటరు పెట్టినవారు మరియొక వింత చూతురు. తాళము తీసివేసినను ఇంజను ఆగదు. స్విచ్చి చెడినదని మార్చుదురు, ఐనను ఆగదు. కారణము వేరు. ఆల్టర్నేటరును మేలుకొల్పు సన్నని తీగను స్విచ్చి వెలుపలి కొసకు నేరుగా కలిపినచో, ఆల్టర్నేటరు పుట్టించు విద్యుత్తు ఆ తీగలోనే వెనుకకు వచ్చి కాయిలును పోషించును. ఆ తీగలో ఒక డయోడో, చిన్న ఛార్జింగు దీపమో పెట్టినచో చిక్కు తీరును. కొత్త స్విచ్చి కొనవలసిన పనిలేదు.

ప్రాణముతో చెలగాటము వలదు

8ఎన్‌లో స్టార్టరు మీట గేరు కడ్డీ దగ్గర ఉండును. గేరు న్యూట్రలులో లేనిదే స్టార్టరు తిరగదు. తీగలు మార్చువారిలో కొందరు దీనిని తొలగించి వేరొక మీట పెట్టుదురు. మరికొందరు నేలపై నిలుచుండి స్క్రూడ్రైవరుతో స్టార్టరు కొసలను కలుపుదురు. మన పల్లెలలోను ఈ రెండవ అలవాటు లేకపోలేదు. గేరులో ఉన్న ట్రాక్టరు ఆ క్షణమున ముందుకు దూకును. నిలుచున్న మనిషి పెద్ద చక్రము దారిలోనే ఉండును. ఇట్లు పోయిన ప్రాణములు అన్ని దేశములలోను ఉన్నవి. మన ట్రాక్టర్లలో కొన్నింటికి క్లచ్చి తొక్కినగాని స్టార్టరు తిరగని ఏర్పాటు ఉన్నది. అది చెడినచో బాగుచేయించండి, దాటవేయకండి. తీగలు ముట్టుటకు ముందు బ్యాటరీ ఎర్తు తీగను మొదట విప్పండి. బిగించునప్పుడు దానిని చివర కలపండి. పరీక్షకు బ్యాటరీ కలిపియే ఉండవలెను గనుక అప్పుడు గేరు న్యూట్రలులో ఉన్నదో లేదో చూచుకొని, ఎక్కడను పెట్రోలు కారకుండ చూడవలెను.

చేయవలసినది

తీగలు మార్చిన ప్రతివాడు ఏ రంగు తీగ ఎక్కడినుండి ఎక్కడికి పోవునో ఒక కాగితముపై గీసి పనిముట్ల పెట్టెలో ఉంచవలెను. మార్చినవాడు పదేండ్ల తరువాత మన దగ్గర ఉండకపోవచ్చును, కాగితము ఉండును. మెకానిక్కు వచ్చి "ఇది మార్చవలెను" అనినప్పుడు "ఎక్కడ కొలిచితివి, ఎంత చూపినది?" అని అడుగుట రైతు హక్కు. మంచి మెకానిక్కు ఈ ప్రశ్నకు కోపపడడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. రైతు శిక్షణ జరుగు రోజున విత్తనము, ఎరువులతోపాటు ఒక అరగంట ఒక పాత బ్యాటరీ, ఒక బల్బు, రెండు తీగలు తెచ్చి, దీపముతో లోపము పట్టు విధము చూపండి. ఖర్చు స్వల్పము. నేర్చుకొన్న యువకుడు ఊరిలో ఒక్కడున్నను, అదను వేళ ఆగిన ట్రాక్టరు ఆ పూటయే కదలును.