మెట్టరైతునకు బీమా యొక్కటియే చాలదు



మెట్టసేద్యమును గూర్చి మీ పత్రిక గత సంచికలో వెలువడిన వ్యాసమునందు, బీమా చేయించుకొన్న రైతు నిశ్చింతగా నుండవచ్చునని రచయిత సెలవిచ్చిరి. ఆ మాట మా దేవనకొండ పొలములకు పూర్తిగా నన్వయింపదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ఖరీఫు ధాన్యములకును నూనెగింజలకును రైతువంతు ప్రీమియము నూటికి 2 రూపాయలకు మించకుండుట మేలే. అయినను కరవునష్టమును ఒక్కొక్క చేనిని బట్టి గాక, గ్రామమునో మండలమునో ప్రమాణముగా గైకొని పంటకోత ప్రయోగములతో తేల్చుచున్నందున, వాన పడమటి పొలమున గురిసి తూర్పు పొలమును విడిచిన యేట, ఎండిన చేని యజమానునకు పరిహారము దక్కకపోవచ్చును. పత్తికొండ మార్కెట్టులో ధర పడిపోయి టమాటను రోడ్డుప్రక్కన పారబోసి పోవలసినపుడు ఆ పథకము వర్తింపనే వర్తింపదు.

మా పెద్దలు విత్తునాడే నష్టమును పంచిపెట్టెడివారు. వేరుశనగ సాళ్ళ నడుమ కంది సాలు వేసినచో, ఊడలు దిగు వేళ బెట్టతగిలి వేరుశనగ చెడినను, లోతుగా వేరుపారిన కంది చివరివానలతో నిలిచి పుష్యమాసమునకు కాపునిచ్చును. దొడ్డిలో నాలుగు గొర్రెలు, కళ్ళమున జొన్నచొప్ప వామి యున్న యిల్లు ఒక్క కరవుకు కూలదు. అప్పుతెచ్చి పొలమంతయు పత్తియే వేసిన యింటికి ఆ యాధారము లేదు.

కావున వ్యవసాయశాఖవారు తొలకరికి ముందే కంది, కొర్ర విత్తనములను గ్రామములలో నందుబాటున నుంచి, బీమా పరిహారము సాగుచేసినవానికే దక్కునట్లు పంటనమోదులో కౌలుదారుని పేరును తప్పక చేర్పింపవలయునని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక మెట్టరైతు,
దేవనకొండ