బిరడ తిప్పిన కచేరీ

స్నేహితుడి కచేరీకి వెళ్ళడమంత చిక్కు మరొకటి లేదు. బాగుంటే సరే. బాగుండకపోయినా మెచ్చుకోక తప్పదు. మెచ్చుకొన్నామా, ఆ మాట పట్టుకొని అతగాడు మరి పదేళ్ళు అలాగే వాయిస్తాడు. ఇటీవల మాకు ఎదురైన కచేరీ ఈ రెండింటికీ చెందనిది. బాగుందో లేదో తేల్చుకోవడానికే మాకు వారం రోజులు పట్టింది.

కచేరీ జరిగింది హెబ్బగోడిలో. హోసూరు రోడ్డున ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే వచ్చే ఊరది. ఒకప్పుడు ఆనేకల్లు తాలూకాలో ఒక పల్లె. ఈనాడు ఫ్యాక్టరీలూ, అపార్టుమెంట్లూ, 2025 ఆగస్టు నుండి నెత్తిమీద మెట్రో రైలూను. అటువంటి ఒక అపార్టుమెంటు కింది హాలులో నలభై కుర్చీలు వేస్తే ముప్ఫై నిండాయి. వచ్చినవారిలో సగంమంది మావలెనే మొగమాటానికి వచ్చినవారు.

మా మిత్రుడు చిన్ననాటి నుండి వీణ వాయిస్తున్నాడు. ఒకే పనసదుంగను తొలిచి చేసిన బొబ్బిలి వీణ అతనిది. ఇరవై ఏళ్ళపాటు పెళ్ళిళ్ళలోనూ, నవరాత్రులలోనూ, సభలలోనూ వర్ణం మొదలుకొని మంగళం దాకా వాయించి, రెండేళ్ళ క్రితం ఇక కీర్తనలు వాయించనన్నాడు. వాయించడం మానలేదు సుమండీ, కీర్తనలు మాత్రమే మానాడు. నాటినుండి సభలవారు పిలవడమూ మానారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకొంటున్నారు. పాఠాలు చెప్పి సంసారం ఈదుతున్నాడు.

ఆ సాయంకాలం వేదికమీద మృదంగం లేదు. వీణకు తగిలించిన చిన్న మైకూ, కాలిదగ్గర ఒక యంత్రమూ ఉన్నాయి. వాయించినదాన్ని పట్టి, మళ్ళీ మళ్ళీ తిప్పి వినిపించే యంత్రమది. కుర్రవాళ్ళు లూప్ అంటారు. మొదట అతడు ఒక్క తీగ మీటి, బిరడను వెంట్రుకవాసి తిప్పాడు. స్వరం కొంచెం దిగింది. మళ్ళీ మీటాడు, మళ్ళీ తిప్పాడు. పావుగంటసేపు అంతే. ముందు వరసలోని ఒక మామ్మగారు ఓపిక పట్టలేక, "శ్రుతి చేసుకోవడం ఎప్పటికవుతుంది నాయనా?" అన్నారు. "ఇదే కచేరీ అండీ, మామ్మగారూ," అన్నాడతడు చేయి ఆపకుండానే. హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వి, కాళ్ళు పైకి ముడుచుకొని కూర్చున్నారు.

నవ్వు అణిగాక ఒక చిత్రం జరిగింది. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య ఇంత చోటుందని అంతవరకూ మాకు తోచలేదు. గమకంలో వేలు ఆ చోటంతా క్షణంలో దాటేస్తుంది. ఇతడు అక్కడ కాపురం పెట్టాడు. బయట లారీ హారను మోగితే, అది కూడా ఏ స్వరమోనని చెవి వెతకసాగింది.

తరువాతి అరగంట గురించి ఇంత మంచిమాట చెప్పలేము. యంత్రం మీద యంత్రపు పొర వేసుకొంటూ పోయాడు. పది వీణలు ఒక్కసారి మోగినట్లయి, అసలు వీణ ఏదో తెలియలేదు. పదిమంది దాకా లేచిపోయారు.

"ఇది సంగీతమేనా?" అని గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి గట్టిగానే అడిగారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. ఫిడేలు ఒకప్పుడు మనకు పక్కవాద్యమే. 1893లో ఈ బెంగళూరులోనే పుట్టి, విశాఖపట్నంలో పెరిగి, విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యుడైన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, గాయకుడు లేకుండా ఒంటి ఫిడేలుతో కచేరీలు చేసి నిలిపారు. మైసూరు చౌడయ్యగారు పెద్ద సభలలో వెనక వరసకు వినబడడం లేదని ఫిడేలుకు ఏడు తీగలు కట్టారు. ఆ ఏడు తీగల ఫిడేలు ఆకారంలోనే నగరంలో ఆయన పేర భవనం కట్టారు. మన చిట్టిబాబుగారు వీణ మీద కోయిలను కూయించారు. యంత్రం మాటంటారా, ఇళ్ళలో తంబురా బదులు మోగే ఎలక్ట్రానిక్ పెట్టెను రూపొందించినవారిలో ముందువారు బెంగళూరుకు చెందిన వేణువాదకులు రాజ్‌నారాయణ్‌గారే. ఆ పెట్టెను దేవుడి గదిలో పెట్టుకొన్నవారు మావాడి పెట్టెను చూసి ముక్కు మూసుకోవడం ఏమి న్యాయం?

అయితే ద్వారంవారి పేరు చెప్పి ప్రతి కొత్తదానికీ నీరాజనం పట్టమని మా భావం కాదు. ఆయన చేసిన మార్పు ఎంతటిదైనా వినేవాడికి రాగం చేతిలోనే ఉంది. మావాడు రాగమనే ఊతకర్ర కూడా తీసివేశాడు. అది లేకుండా నడిపించగల నేర్పు మొదటి పావుగంటలో కనబడింది, తరువాత కనబడలేదు. కచేరీ అయ్యాక కాఫీ తాగుతూ ఈ మాట అతనితోనే అన్నాం. మొహం చిన్నబుచ్చుకొన్నాడు. కాసేపాగి, "లేచిపోయినవాళ్ళు కూడా ఇంత చెప్పలేదురా. బాగుంది, బాగుంది అనే వెళ్ళారు," అన్నాడు.

ఇంతా ఎందుకు రాస్తున్నామంటే, మన సంఘం ఉగాది కార్యక్రమాలలో అతని పేరు వచ్చినప్పుడు, భోజనాల ముందు జనం చెదిరిపోతారని కార్యవర్గంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. అది కొట్టిపారవేయదగిన మాట కాదు. పిల్లలూ, పెద్దలూ ఎండలోపడి వచ్చేది పంచాంగ శ్రవణానికీ, పచ్చడికీ. కాని మూడేళ్ళుగా అవే సినిమాపాటలు వింటున్నాం. మా సూచన ఇది: ఉదయం, జనం తీరికగా ఉన్నవేళ, అతనికి ఇరవై నిమిషాలు ఇవ్వాలి. సంభావన మిగిలినవారితో సమానంగా ఇవ్వాలి. స్నేహితుడు కదా అని శాలువాతో సరిపెట్టరాదు. యంత్రం లేకుండా వస్తావా అని మేమే అడిగి చూశాం. రానన్నాడు. రెండు పొరలకు మించనని మాత్రం ఒప్పుకొన్నాడు. కార్యవర్గం వచ్చే ఆదివారం సమావేశమవుతుంది; సభ్యులు తమ అభిప్రాయం ఆలోగా కార్యదర్శిగారికి తెలియజేయవచ్చును.