గది కట్టించాక?
ప్యాపిలి, డోన్, ఆళ్లగడ్డ చుట్టుపక్కల దాతలకు కొదవ లేదు. తిరునాళ్లకు చందా అడిగితే లేదనే ఇల్లు అరుదు. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోసి ప్రాణాలు నిలిపిన సీమ ఇది. అయితే కరువులో ఆకలి తీర్చడం వేరు, ఏళ్ల తరబడి బడినీ ఆసుపత్రినీ నడపడం వేరు. బడికి ఒక గది కట్టించి గోడ మీద పేరు చెక్కించుకుంటే దాత పని అయిపోతుంది. ఆ గదిలో సాయంత్రం పాఠం చెప్పే మనిషికి, ఊళ్లో ముసలివాళ్ల బీపీ, షుగర్ చూసే నర్సుకు జీతం మాత్రం ప్రతి నెలా కావాలి. పక్కనే అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఇన్ని దశాబ్దాలు బడులు, ఆసుపత్రులు నడిపిందంటే, దాని వెనుక స్పెయిన్‌లో క్రమం తప్పకుండా కొద్దికొద్దిగా డబ్బు పంపే సామాన్యులున్నారు. మన పిల్లల్ని వాళ్లు గుర్తుపెట్టుకోగలిగినప్పుడు, మన ఊరి వ్యాపారులకూ, హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకూ అది అసాధ్యమేమీ కాదు. ఇంటికి నెలకు వంద రూపాయలు వేసుకోండి, ఖర్చు లెక్క అందరికీ కనబడేలా పంచాయతీ బోర్డు మీద రాయండి. శిలాఫలకాలు ఇక చాలు.