జీతమిచ్చే చదువు మనకూ ఉంది

డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని ఎవరడిగినా మన క్లాసులో మూడే జవాబులు. బి.ఎడ్., బ్యాంకు పరీక్ష, లేదంటే "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు". పీహెచ్‌డీ అని ఎవరూ అనరు. అది డబ్బున్నవాళ్ళ చదువనీ, ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఇంటికి భారంగా ఉండే చదువనీ మనకో నమ్మకం. నా అభిప్రాయం వేరు. ఫెలోషిప్ ఇచ్చే పీహెచ్‌డీ మనలాంటి ఇళ్ళ ఆడపిల్లలకే ఎక్కువ అవసరం. ఫెలోషిప్ లేనిది మాత్రం ఎంత పేరున్న చోట దొరికినా మనం చేరకూడదు. అందులోనూ కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్, అంటే కంప్యూటరుకు మనిషి భాషను నేర్పే శాస్త్రం, మన తెలుగు విభాగానికి పరాయిదేమీ కాదు.

ముందు డబ్బు సంగతి. అడగడానికి మనం సిగ్గుపడతాం గానీ ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న అదే. యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. తెచ్చుకున్నవాళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. రెండేళ్ళ తర్వాత పని బాగుందని తేలితే నెలకు 42,000 చొప్పున ఇంకో మూడేళ్ళు. కూడి చూడండి, అయిదేళ్ళకు 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం వేరే. నెట్‌లో తెలుగు ఒక సబ్జెక్టు, లింగ్విస్టిక్స్ ఇంకో సబ్జెక్టు. జె.ఆర్.ఎఫ్.కు వయసు పరిమితి 30 ఏళ్ళు, ఆడవాళ్ళకు ఇంకో అయిదేళ్ళు సడలింపు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. గడువులో అదనంగా రెండేళ్ళ సడలింపు కూడా ఉంది. పెళ్ళయితే చదువు ఆగిపోతుంది అనేవాళ్ళకు చూపించాల్సిన కాగితం ఇది.

మా ఇంట్లో అక్క పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. "నన్ను ఇంకో ఏడేళ్ళు చదివించు" అని అప్పాను అడగడానికి నాకు నోరు రాదు. "రెండేళ్ళు ఎం.ఏ. చదివించు అప్పా, ఆ తర్వాత చదువుకు వాళ్ళే జీతమిస్తారు" అని మాత్రం అడగగలను. నాలాంటివాళ్ళు మన క్లాసులో ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

ఇక రెండో సందేహం. కంప్యూటరంటే ఇంజినీరింగ్ వాళ్ళది, ఆర్ట్స్ వాళ్ళకేం పని? వ్యాకరణం క్లాసులో మనం చేసే పనే చూడండి. "చెప్పించుకోలేకపోయింది" అనే ఒక్క మాటలో చెప్పు, ఇంచు, కొను, లేక, పోయింది అని ఎన్ని ముక్కలున్నాయో మనం విడదీస్తాం. తెలుగులో ఒక్క ధాతువుకు ఇలాంటి రూపాలు వందల్లో ఉంటాయి. వాటిని యంత్రం తనంతట తాను విడదీసేలా నియమాలు రాయడం ఈ శాస్త్రంలో ఒక ముఖ్యమైన పని. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రంలో, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రంలో తెలుగు మీద ఇలాంటి పని జరిగింది. ట్రిపుల్ ఐటీ వాళ్ళయితే పాణిని కారక సిద్ధాంతాన్ని కంప్యూటరుకు పనికొచ్చేలా మలిచారు.

తారక రామ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, సౌమ్య వజ్జల జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేశారు. స్వీడన్‌లో పీహెచ్‌డీ విద్యార్థులు మామూలుగా విశ్వవిద్యాలయ ఉద్యోగుల కింద లెక్క. ఫీజు ఉండదు, జీతం ఉంటుంది. వీళ్ళిద్దరూ కలిసి 2017లో తెలుగుకు ఒక ట్రీబ్యాంక్ తయారుచేశారు. ప్రతి వాక్యంలో కర్త ఏది, కర్మ ఏది, క్రియ ఏది అని గుర్తులు పెట్టిన వాక్యాల భాండారం అది. అందులోని 1,300 పైచిలుకు వాక్యాలు ఎక్కడివో తెలుసా? భద్రిరాజు కృష్ణమూర్తి గారు, గ్విన్ గారు కలిసి 1985లో వెలువరించిన తెలుగు వ్యాకరణ పుస్తకంలోవి. తమిళానికి ఇలాంటిదే 600 వాక్యాల భాండారం ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో తయారైంది. వ్యాకరణం తెలిసినవాళ్ళు లేకుండా ఈ పనులేవీ జరగవు.

అయితే ఫోన్లు ఇప్పుడే తెలుగు మాట్లాడుతున్నాయి కదా, ఇంకా పరిశోధన ఎందుకంటారా? అవి మాట్లాడేది పేపర్ల తెలుగు, పుస్తకాల తెలుగు. మా ఇంట్లో బస్సుకు ఆలస్యమైతే అమ్మ "నేరమైపోయింది, బిన్నా పోవే" అంటుంది. తమిళంలో నేరం అంటే వేళ. తెలుగు నిఘంటువులో నేరం అంటే తప్పు, అపరాధం. పుస్తకాల తెలుగు మాత్రమే చదివిన యంత్రం మా అమ్మను పోలీస్ స్టేషనుకు పంపించినా ఆశ్చర్యం లేదు. భద్రిరాజు వారు ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో రైతుల మాటలు సేకరించి 1962లో వ్యవసాయ పదకోశం వేశారు. మన ధర్మపురి అప్పుడు మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాలో భాగం, కాబట్టి మన మాటలు అందులోకి రాలేదు. మా తమ్ముడు తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్తాడు. అమ్మమ్మ నోట ఉన్న తెలుగు మా ఇంట్లో ఇంకెన్నాళ్ళు ఉంటుందో చెప్పలేను. ఈ తెలుగునూ తమిళాన్నీ కలిపి అర్థం చేసుకోగలిగినవాళ్ళం మనం. ఎక్కడో హైదరాబాదులో ఉండే ఇంజినీరుకు అది అంత సులువు కాదు.

కష్టం లేదని నేననను. సంభావ్యత లెక్కలు, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఎం.ఏ.లో 55 శాతం రావాలి. జె.ఆర్.ఎఫ్. రాసినవాళ్ళందరికీ రాదు. వచ్చినా అయిదేళ్ళు ఓపిక పట్టాలి. అందుకే మూడో సంవత్సరం చివర్లో ఆలోచిద్దామంటే కుదరదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎం.ఏ. భాషాశాస్త్రం చదవడానికి హైదరాబాదే పోనక్కర్లేదు. చిదంబరంలో అన్నామలై విశ్వవిద్యాలయం, కోయంబత్తూరులో భారతియార్ విశ్వవిద్యాలయం ఉన్నాయి.

మన విభాగం మేడమ్‌లకు నా విన్నపాలు మూడు. నెట్ లింగ్విస్టిక్స్ సిలబస్‌ను ఈ గోడ మీదే అతికించండి. కంప్యూటర్ సైన్స్ విభాగంతో మాట్లాడి వారానికి ఒక గంట మనకు పైథాన్ చెప్పించండి. ఈ సెలవుల్లో తలా ఒక గంట మన అమ్మమ్మ, నాయనమ్మల మాటలను వాళ్ళ అనుమతితో రికార్డు చేసుకొచ్చే పనిని అసైన్‌మెంట్‌గా ఇవ్వండి. క్లాసులో 26 మందిమి ఉన్నాం. 26 గంటల ధర్మపురి తెలుగు చేతిలో ఉంటే, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "నీ దగ్గర ఏముంది?" అని అడిగినప్పుడు మనలో ఎవరో ఒకరు చెప్పడానికి ఒక మాట ఉంటుంది.