డబ్బాల మోతలో ఇంజన్ వింటారట!

"మీటర్లు కంపెనోళ్లు అందానికి పెడ్తరు సార్. మనకు చెవులున్నయి గద!" వీర్నపల్లిలో మొన్న ఒక ట్రాక్టర్ ఓనరు నాకు చేసిన బోధ ఇది. ఆయన బండికి టెంపరేచర్ ముల్లు ఎప్పుడో పడుకుంది. ఆయిల్ బల్బు ఊరికే వెలుగుతోందని వైరు పీకేశారు. మడ్‌గార్డుల మీది సౌండు డబ్బాలు మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నాయి. ఆ పాటల హోరులో ఆయన మాటే నాకు వినపడక రెండోసారి చెప్పించుకున్నాను. అంత మోతలో ఆయనకు మాత్రం ఇంజన్ వినిపిస్తుందట!

ఈ చెవుల సిద్ధాంతం ఆయన ఒక్కరిది అయితే వదిలేద్దును. ఎల్లారెడ్డిపేట నుంచి కోరుట్ల దాకా ఏ షెడ్డు ముందు ఆగినా ఇదే పాట. పాతకాలం డ్రైవర్లు మీటర్లు చూసే నడిపారా అని ఎదురు ప్రశ్న. పాతకాలంలో ట్రాలీకి ఇన్ని బస్తాలెక్కించారా? ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక అక్కడి చెరకు దూరపు ఫ్యాక్టరీలకు పోయింది. అంత దూరం లోడు లాగింది ఇంజనే కదా, దాని గోడు ఏ చెవికి వినిపించింది?

చెవికి వినిపించేది జరిగిపోయిన నష్టం. బేరింగ్ కొట్టుకుంటున్న చప్పుడు వచ్చిందంటే బేరింగ్ అయిపోయినట్టే. అప్పుడు ఆపడమంటే పీనుగకు నాడి పట్టడమే.

యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్ నుంచి మిల్లుకు పోయే రోజులు చూడండి. పైన ఎండ, వెనక లోడు, ముందు రేడియేటర్ జాలీ నిండా దుమ్ము, పొట్టు. నీళ్లు మెల్లగా కారిపోతుంటాయి. ముల్లు ఎర్రగీత దాకా ఎక్కి, ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. "సల్లబడ్డది" అని మనవాడు గేరు మారుస్తాడు. చల్లబడలేదు నాయనా, నీళ్లే అయిపోయాయి! సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. ఒట్టి గాలిలో వేలాడితే తక్కువ చూపిస్తుంది. లోడు మీద ముల్లు దానంతటదే దిగిందంటే భయపడాలి. హెడ్ వంగి, గాస్కెట్ కాలాక అది మెకానిక్ ఇంటి పండగ.

ఆయిల్ సంగతి ఇంకా ఘోరం. చాలా ఇంజన్లలో ఆ ఎర్రబల్బు ప్రెషర్ అరకిలో దగ్గరికి పడిపోతే తప్ప వెలగదు. లోడు మీద మూడు, నాలుగు కిలోలు ఉండాల్సింది రెండుకు, ఒకటికి జారుతున్నా బల్బుకు పట్టదు. ముల్లున్న మీటరైతే వారం ముందే చెబుతుంది: ఆయిల్ పలచబడిందో, పంపు అరిగిందో చూడమని. పైగా మనవాళ్లు ఆ బల్బు వైరు కూడా పీకేస్తారు!

ఇక కుర్రకారు ఫ్యాషన్. పికప్పు బండ్లకు, టర్బో ఉన్న ట్రాక్టర్లకు నీలి వెలుగుల బూస్ట్ మీటరు. టర్బో ఎంత గాలి తోస్తోందో చూసి మురిసిపోవడానికి తప్ప అది ఇంజన్‌ను కాపాడదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు తెలియాల్సింది పొగగొట్టంలో వేడి. పెట్రోలు బండికి భిన్నంగా, డీజిల్ ఇంజన్‌కు ఇంధనం ఎక్కువ పోస్తే వేడీ ఎక్కువే, నల్లపొగా ఎక్కువే. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పిస్టన్ చేసేది దాంతోనే. పంపు విప్పించి డీజిల్ పెంచుకున్నవాడు ఆ వేడి మీటరు పెట్టుకోకపోవడం ఏం ధైర్యమో! సెన్సార్ టర్బోకు ముందు బిగించాలి. తర్వాత బిగిస్తే వందకు పైగా డిగ్రీలు తక్కువ చూపించి లేని ధీమా ఇస్తుంది. కొత్త బండ్లలో అంతా కంప్యూటరే చూసుకుంటుందంటారు. చూసుకుంటుంది, ఎత్తు మధ్యలో పవర్ తగ్గించి.

అన్నట్టు, సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇదే చెవుల బృందం అవర్ మీటరు మీద వంగి గంటలు లెక్కబెడుతుంది. అమ్మేవాడు దాని కేబుల్ విప్పి ఎన్ని పంటలు దున్నాడో అడగరు. బేరానికి మాత్రం మీటరు వేదవాక్కు!

మరి ఏం కొనాలి? ముందు ఆయిల్ ప్రెషర్‌ది, తర్వాత నీళ్లది, టర్బో ఉంటే పొగవేడిది. మర పట్టిందని ఏ సెన్సార్ పడితే అది బిగిస్తే ముల్లు అబద్ధం చెబుతుంది. మీటరుతో వచ్చిన సెన్సారే వాడాలి. సన్నగొట్టంతో నేరుగా ఆయిల్ తెచ్చే పాతరకం మీటరు నాకిష్టం. గొట్టం ఒరిసి కారకుండా చూసుకోవాలి, అంతే. ధరలూ బ్రాండ్లూ నన్నడగొద్దు, సౌండు డబ్బాలు కొన్నప్పుడు ఎవరినడిగారు?

మిల్లు గేటు దగ్గరికి లోడుతో వచ్చి, టర్బో ఇంకా మండుతుండగానే తాళం తిప్పేసి చాయ్‌కి పోయే పెద్దమనుషుల గురించి ఇంకోసారి రాస్తాను. వాళ్లకు ఈ పేజీ చాలదు.